పదికి పది గెలిచినా దక్కని బెల్టు: ఎజర్డ్ చార్లెస్ కథ

1941 మొదట్లో అమెరికాలోని నేషనల్ బాక్సింగ్ అసోసియేషన్ లైట్ హెవీవెయిట్ (దాదాపు 79 కిలోల లోపు బరువు) ఛాంపియన్‌గా గుర్తించింది గ్రీసు దేశస్థుడు ఆంటన్ క్రిస్టోఫోరిడిస్‌ను. అదే ఏడాది ఆ బెల్టు, అంటే ఛాంపియన్ హోదా, గస్ లెస్నెవిచ్ చేతికి పోయింది. 1948లో లెస్నెవిచ్ నుంచి బ్రిటన్ బాక్సర్ ఫ్రెడీ మిల్స్‌కు, 1950లో మిల్స్ నుంచి జోయీ మాక్సిమ్‌కు, 1952 డిసెంబరులో మాక్సిమ్ నుంచి ఆర్చీ మూర్‌కు చేరింది. మూర్ దాన్ని దాదాపు పదేళ్లు వదల్లేదు. ఈ ఐదుగురిలో నలుగురిని ఒకే మనిషి ఓడించాడు. క్రిస్టోఫోరిడిస్‌ను ఒకసారి, లెస్నెవిచ్‌ను ఒకసారి, మూర్‌ను మూడుసార్లు, మాక్సిమ్‌ను ఐదుసార్లు. పది పోటీలు, పదీ గెలుపులే. ఐదోవాడైన మిల్స్‌తో అతను తలపడనేలేదు. ఆ మనిషి ఎజర్డ్ చార్లెస్. లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ల జాబితా మొత్తం వెతికినా అతని పేరు దొరకదు.

అంతకు పై బరువైన హెవీవెయిట్ జాబితాలో మాత్రం దొరుకుతుంది. జో లూయిస్‌కూ రాకీ మార్సియానోకూ మధ్య, కొద్దిగా ఇరుకైన చోట. బాక్సింగ్ గురించి కాస్తో కూస్తో తెలిసినవాళ్లు ఆ రెండు పేర్లూ టక్కున చెబుతారు, మధ్యలోవాడి దగ్గర తడుముకుంటారు. విచిత్రమేమిటంటే, చార్లెస్ తన అసలు బరువులో అందరికంటే మిన్నగా ఉన్న రోజుల్లో అతనికి బెల్టు లేదు. బెల్టు వచ్చేసరికి అతను తనది కాని బరువులో, తనకంటే పెద్ద శరీరాలతో పోరాడుతున్నాడు. బెల్టులు లెక్కబెట్టి బాక్సర్ల స్థాయి తేల్చే అలవాటు ఎంత మోసం చేస్తుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో లీగ్ పట్టిక ఉండదు. క్రికెట్‌లోలాగా ఎవరు ఎవరితో ఆడాలో ముందే అచ్చేసిన షెడ్యూలు ఉండదు. ఛాంపియన్ ఎవరితో పోరాడాలో ఛాంపియన్, అతని మేనేజరు, పోటీ పెట్టే ప్రమోటరు కలిసి తేల్చుకుంటారు. గట్టి ప్రత్యర్థి ఒకడున్నాడు, వాడితో ఆడితే ఓడిపోయే ప్రమాదం ఎక్కువ, వచ్చే డబ్బు తక్కువ అనుకుంటే వాడికి పిలుపే రాదు. ర్యాంకింగులో ఒకటో స్థానంలో ఏళ్ల తరబడి కూర్చోబెట్టి గౌరవంగా మరిచిపోవచ్చు. 1940ల అమెరికాలో ఆ ప్రత్యర్థి నల్లజాతివాడైతే మరిచిపోవడం ఇంకా తేలిక.

చార్లెస్ పుట్టింది 1921 జూలై 7న, జార్జియా రాష్ట్రంలోని లారెన్స్‌విల్‌లో. పురుడు పోసిన డాక్టరు ఇంటిపేరే పిల్లవాడికి పేరుగా పెట్టారు. ఎజర్డ్ అన్న ఆ అరుదైన పేరు అలా వచ్చింది. తల్లిదండ్రులు విడిపోయాక, తొమ్మిదేళ్ల వయసులో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటికి, అమ్మమ్మ దగ్గరికి చేరాడు. దక్షిణాది నుంచి లక్షలాది నల్లజాతి కుటుంబాలు ఉత్తరాది నగరాలకు తరలిపోతున్న కాలమది. వీళ్ల ప్రయాణం కూడా ఆ ప్రవాహంలో ఒక చిన్న పాయ. క్యూబా బాక్సర్ కిడ్ చాకొలెట్ ఒకసారి ఆ ఊరు వచ్చినప్పుడు, అతని ఖరీదైన బట్టలు చూసి, ఏడాదిలో రోజుకొక సూటు చొప్పున ఉన్నాయని విని, ఈ కుర్రాడు బాక్సర్ కావాలని నిశ్చయించుకున్నాడని చెబుతారు. బాక్సర్ల చిన్ననాటి కథల్లో కొంత మసాలా కలుస్తూనే ఉంటుంది కాబట్టి దీన్ని ఆ మేరకే తీసుకోవాలి.

అమెచ్యూర్‌గా ఒక్క ఓటమీ లేకుండా 1939లో జాతీయ మిడిల్‌వెయిట్ (లైట్ హెవీవెయిట్ కంటే కింది బరువు) టైటిల్ గెలిచాడు. 1940లో ప్రొఫెషనల్ అయ్యాడు. అప్పటికి ఇంకా ఉడ్‌వర్డ్ హైస్కూలు విద్యార్థే. పగలు బడి, రాత్రి బరి. 1941లో మాజీ మిడిల్‌వెయిట్ ఛాంపియన్ కెన్ ఓవర్లిన్ చేతిలో మొదటి ఓటమి చూశాడు. మరుసటి ఏడాది అదే ఓవర్లిన్‌తో పోటీ డ్రా అయింది. ఇరవై ఏళ్లు నిండీ నిండకముందే మరో మాజీ మిడిల్‌వెయిట్ ఛాంపియన్ టెడ్డీ యారోజ్‌ను ఓడించాడు. 1942 జనవరిలో క్రిస్టోఫోరిడిస్‌ను మూడో రౌండ్‌లోనే నాకౌట్ చేశాడు.

ఆ ఏడాది వేసవిలో చేసిన పని వీటికంటే పెద్దది. చార్లీ బర్లీ అనే పిట్స్‌బర్గ్ బాక్సర్‌ను నెలకు కాస్త పైబడిన వ్యవధిలో రెండుసార్లు ఓడించాడు. బర్లీ పేరు సామాన్య ప్రేక్షకులకు తెలియదు, కానీ ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు అది వణుకు పుట్టించే పేరు. వెల్టర్‌వెయిట్, మిడిల్‌వెయిట్ ఛాంపియన్లు అతని దరిదాపులకు రాలేదు. జీవితంలో ఒక్కసారి కూడా ప్రపంచ టైటిల్ పోటీ దక్కలేదు. అలాంటి నల్లజాతి బాక్సర్లు అప్పట్లో పలువురు ఉండేవారు. తెల్ల ఛాంపియన్లు తప్పించుకు తిరగడంతో గత్యంతరం లేక వాళ్లలో వాళ్లే మళ్లీమళ్లీ కొట్టుకున్నారు. చార్లెస్ ఆ బడిలో చదువుకున్నాడు. సూటిగా విసిరే అతని ఎడమచేతి గుద్దులోని, అంటే జాబ్‌లోని కచ్చితత్వం, పక్కకు ఒక అడుగు వేసి కొట్టే కుడిచేతి దెబ్బ, ప్రత్యర్థి గుద్దు గాలిలో ఉండగానే లోపలికి దూరి పక్కటెముకల మీద కొట్టే నేర్పు, ఇవన్నీ అక్కడ రాటుదేలినవే. పత్రికలవాళ్లు అతనికి 'సిన్సినాటి కోబ్రా' అని పేరు పెట్టారు. నాగుపాము అంటే మనకు పడగ గుర్తొస్తుంది. వాళ్లు ఉద్దేశించింది కాటు వేగాన్ని.

1943 మొదట్లో వరుసగా రెండు దెబ్బలు తగిలాయి. జిమ్మీ బివిన్స్ జడ్జీలు వేసే పాయింట్ల మీద ఓడించాడు, లాయిడ్ మార్షల్ పదేపదే కిందపడేసి ఓడించాడు. ఆ తర్వాత సైన్యంలోకి వెళ్లాడు, ఇటలీలో పనిచేశాడు. యుద్ధం అతని ఇరవై రెండో ఏటి నుంచి ఇరవై నాలుగో ఏటి దాకా మింగేసింది. లైట్ హెవీవెయిట్ టైటిల్ కూడా అప్పుడు నిద్రపోతోంది. లెస్నెవిచ్ తీర రక్షక దళమైన కోస్ట్ గార్డ్‌లో ఉన్నాడు, బెల్టు గడ్డకట్టి ఉంది.

1946లో తిరిగొచ్చిన చార్లెస్ వేరే మనిషి. కండ పట్టాడు, దెబ్బలో బరువు పెరిగింది. మార్షల్‌ను ఆరో రౌండ్‌లో నాకౌట్ చేశాడు, ఆ మరుసటి ఏడాది రెండో రౌండ్‌లోనే. బివిన్స్ మీద పాత బాకీ ఒకటికి నాలుగుగా తీర్చుకున్నాడు. ఇక ఆర్చీ మూర్. 1946 మేలో ఒకసారి, 1947 మేలో ఒకసారి పాయింట్ల మీద గెలిచాడు. 1948 జనవరిలో క్లీవ్‌లాండ్‌లో మూడోసారి ఎదురుపడినప్పుడు ఎనిమిదో రౌండ్‌లో మూర్‌ను నేల కూల్చాడు. మూర్ అల్లాటప్పా బాక్సర్ కాదు. దాదాపు ఐదేళ్ల తర్వాత ఛాంపియన్ అయి, నలభైల్లోకి వచ్చాక కూడా బెల్టును నిలబెట్టుకున్నవాడు. అంతటివాడికి చార్లెస్ ముందు మాత్రం మూడుసార్లూ దారి దొరకలేదు.

1946 నుంచి 1948 దాకా 79 కిలోల బరువులో చార్లెస్‌ను ఓడించగలిగినవాడు ప్రపంచంలో ఎవరూ లేరు. ఆ కాలంలో అతనికి ఎదురైన ఒకే ఒక్క ఓటమి, 1947లో ఎల్మర్ రే అనే హెవీవెయిట్ చేతిలో జడ్జీల అభిప్రాయాలు చీలిన పోటీ. అది పై బరువులో వచ్చిన ఓటమి. తన బరువులో ఛాంపియన్ లెస్నెవిచ్. ఇద్దరూ ఒకే దేశంలో, రాత్రికి రాత్రి రైలెక్కితే చేరుకునే దూరంలో ఉన్నారు. పోటీ జరగలేదు. లెస్నెవిచ్ పిరికివాడని అనలేం, అతను కఠినమైన ప్రత్యర్థులతో ఆడినవాడే. కానీ చార్లెస్ గెలుస్తాడన్నది అందరికీ తెలిసిన విషయం. గెలిచినా ఈ పోటీ చూడటానికి టికెట్లు విరగబడి అమ్ముడవుతాయన్న నమ్మకమూ లేదు. ఓడిపోయేదీ మనమే, డబ్బూ రానప్పుడు ఎందుకు అన్నది మేనేజర్ల లెక్క. దుకాణం లెక్కగా చూస్తే అందులో తప్పులేదు. కాకపోతే ఆ లెక్క మీదే చరిత్ర రాసేస్తున్నాం, అక్కడే చిక్కు.

1949 ఆగస్టులో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో వాళ్లిద్దరూ తలపడ్డారు. అప్పటికి బెల్టు మిల్స్‌కు పోయింది, లెస్నెవిచ్ మాజీ. ఏడు రౌండ్లు ముగిసేసరికి అతని పని అయిపోయింది. అదే అతని ఆఖరి పోటీ.

మధ్యలో 1948 ఫిబ్రవరి 20 ఉంది. షికాగో స్టేడియంలో సామ్ బరూడి అనే ఇరవై ఏళ్ల యువకుడు చార్లెస్‌తో పదో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు, స్పృహలోకి రాలేదు, మరునాడు చనిపోయాడు. చార్లెస్ బాక్సింగ్ మానేద్దామనుకున్నాడు. బరూడి కుటుంబానికి డబ్బు పంపాడు. తర్వాత మళ్లీ బరిలోకి వచ్చాడు.

ఆ సంఘటన తర్వాత అతను మునుపటి చార్లెస్ కాడని, ప్రత్యర్థి తూలుతున్నప్పుడు ముగించే కసి పోయిందని, బరిలో ఉన్నంతకాలం ఆ కుర్రాడి నీడ వెంటాడిందని అతని గురించి రాసినవాళ్లలో చాలామంది చెబుతారు. వినడానికి నమ్మకంగా ఉంటుంది. మనసుకు పడుతుంది కూడా. అయితే పోటీల వరుస తిరగేస్తే ఇది అంత సాఫీగా కుదరదు. బరూడి మరణం తర్వాత రెండున్నర నెలలకు, అంతకుముందు తనను ఓడించిన ఎల్మర్ రేను తొమ్మిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. లెస్నెవిచ్, పాట్ వాలెంటినో, ఫ్రెడీ బెషోర్, నిక్ బరోన్, లీ ఓమా, వీళ్లెవరూ తర్వాత అతను ఆడిన హెవీవెయిట్ టైటిల్ పోటీల్లో పదిహేను రౌండ్లూ నిలబడలేదు. 1954 జనవరిలో బాబ్ సాటర్‌ఫీల్డ్ లాంటి భీకరమైన గుద్దు ఉన్నవాడిని రెండో రౌండ్‌లోనే చాప చుట్టేశాడు.

జాగ్రత్త పెరిగిన మాట నిజం. దానికి ఇంకో కారణం కళ్లెదుటే ఉంది. సుమారు అదే కాలంలో అతను పై బరువుకు మారాడు. 79 కిలోలవాడు 90 కిలోలవాడిని కొట్టాలంటే ఒక గుద్దుకు బదులు నాలుగు కావాలి. ఎదుటివాడి గుద్దు ఒక్కటి తగిలినా కథ మారిపోతుంది. అలాంటప్పుడు తొందరపడి మీద పడకపోవడం భయం కాదు, లెక్క. మనసులో ఏముందో బయటివాళ్లెవరూ చెప్పలేరు, బహుశా రెండూ ఉండొచ్చు. అయితే ఒక్క విషాదంతో మనిషి మొత్తాన్ని వివరించేయడం మాత్రం అతని బాక్సింగ్ తెలివికి అన్యాయం చేయడమే. గట్టిగా కొడితే ఒక మాట, ఆచితూచి కొడితే ఇంకో మాట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత పాము పేరు పెట్టుకున్న ఈ మనిషి విషయంలో తలకిందులైంది. ఇక్కడ ఇరుక్కున్నది పామే.

1949 మార్చి 1న హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ రిటైరయ్యాడు. పదకొండేళ్లకు పైగా ఛాంపియన్, ఇరవై ఐదుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నవాడు, నల్లజాతివాళ్ల ఇళ్లలో రేడియో చుట్టూ జనం మూగేలా చేసినవాడు. ఖాళీ అయిన కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నది బరిలో కంటే ముందు ఒప్పంద పత్రాల మీద తేలింది. షికాగో ధనవంతులు జేమ్స్ నోరిస్, ఆర్థర్ వర్ట్జ్ ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ అనే సంస్థ పెట్టారు. లూయిస్‌కు లక్షా యాభై వేల డాలర్లు, సంస్థలో వాటా ఇచ్చి, ఖాళీ టైటిల్ కోసం చార్లెస్, జెర్సీ జో వాల్‌కాట్ తలపడేలా ఏర్పాటు చేయించుకున్నారు. పెద్ద స్టేడియాలు, టీవీ ప్రసారాలు, ఛాంపియన్ల సంతకాలు అన్నీ ఒకే చేతిలోకి వచ్చాయి. పదేళ్ల తర్వాత, 1959 జనవరిలో, ఇది గుత్తాధిపత్యమేనని అమెరికా సుప్రీంకోర్టు నిర్ధారించి ఆ సంస్థను విడగొట్టాలన్న కింది కోర్టు తీర్పును సమర్థించింది. ఇన్నాళ్లూ తలుపు తెరవని వ్యవస్థ చార్లెస్‌కు చివరికి తలుపు తెరిచింది. కాకపోతే అతను తట్టిన తలుపు అది కాదు.

1949 జూన్ 22న షికాగో కోమిస్కీ పార్కులో పదిహేను రౌండ్ల పోటీలో వాల్‌కాట్‌ను పాయింట్ల మీద ఓడించి చార్లెస్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. పూర్తిగా కాదు. అతన్ని గుర్తించింది నేషనల్ బాక్సింగ్ అసోసియేషన్. పొట్టి పేరు ఎన్‌బీఏ. ఇప్పటివాళ్లకు అది బాస్కెట్‌బాల్‌లా వినిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్ర బాక్సింగ్ కమిషన్ ఒప్పుకోలేదు. బ్రిటన్ బోర్డు అయితే 1950లో బ్రూస్ వుడ్‌కాక్‌ను ఓడించిన లీ సావోల్డ్‌ను ప్రపంచ ఛాంపియన్‌గా పరిగణించింది. సగం దేశానికి ఛాంపియన్, మిగతా సగానికి అభ్యర్థి. బెల్టు అనే వస్తువు ఎంత కాగితపు వ్యవహారమో చార్లెస్‌కు మళ్లీ ఒకసారి తెలిసొచ్చింది.

ఆ సందేహం తీరాలంటే లూయిస్‌ను ఓడించాలి. లూయిస్‌ను బరిలోకి మళ్లీ లాక్కొచ్చింది పన్నుల బాకీ. యుద్ధకాలంలో సైనిక సహాయ నిధులకు తన పోటీల డబ్బు ధారపోసిన మనిషిని, అదే దేశపు పన్నుల శాఖ లక్షల డాలర్ల బాకీ కోసం వెంటపడింది. 1950 సెప్టెంబరు 27న యాంకీ స్టేడియంలో ముప్పై ఆరేళ్ల లూయిస్ దాదాపు 99 కిలోలతో, చార్లెస్ 84 కిలోలకు కాస్త తక్కువతో నిలబడ్డారు. చిన్నప్పటి నుంచి ఆరాధించిన మనిషిని చార్లెస్ పదిహేను రౌండ్లపాటు జాబ్‌తో, కుడిచేతి గుద్దులతో ముఖమంతా వాచేలా కొట్టాడు. జడ్జీలు ముగ్గురూ అతనికే ఓటు వేశారు. న్యూయార్క్ కూడా ఇక ఒప్పుకోక తప్పలేదు.

జనం సంతోషించలేదు. అసలు ఎలా సంతోషిస్తారు? ఇంట్లో పెద్దాయనను ఎవరో వచ్చి కొడుతుంటే చూడాల్సి వచ్చినట్టు అనిపించింది వాళ్లకు. ఓడిపోయి ఉంటే చార్లెస్ అసలైన ఛాంపియన్ కాడని తేల్చేవారు. గెలిచాడు కాబట్టి ముసలాయనను కొట్టాడన్నారు. గోడదెబ్బా చెంపదెబ్బా రెండూ తగలడమంటే ఇదే. లూయిస్ నీడ ఎంత పెద్దదో దాన్ని ఓడించిన రాత్రే అతనికి తెలిసింది.

ఛాంపియన్‌గా ఉన్న రెండేళ్లలో ఎనిమిదిసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఇది బద్ధకంగా కూర్చున్న ఛాంపియన్ లెక్క కాదు. 1951 మార్చిలో వాల్‌కాట్‌ను రెండోసారి, మేలో అప్పటి లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ మాక్సిమ్‌ను ఓడించాడు. ఈ రెండో పోటీని కాస్త ఆగి చూడాలి. లైట్ హెవీవెయిట్ బెల్టు నడుముకున్న మనిషిని, ఆ బెల్టు ఎన్నడూ దక్కని మనిషి పదిహేను రౌండ్లపాటు చితక్కొట్టాడు. బెల్టు చేతులు మారలేదు, ఎందుకంటే పోటీ జరిగింది హెవీవెయిట్ టైటిల్‌కు.

అయినా పత్రికలు అతన్ని పొగడటానికి మొహమాటపడ్డాయి. అందుకు అతని స్వభావం కొంత కారణం. నెమ్మదస్తుడు, గొప్పలు పోయేవాడు కాదు, ఖాళీ దొరికితే జాజ్ సంగీతం, డబుల్ బాస్ వాయిద్యం. కాలం కూడా కలిసిరాలేదు. అప్పుడే ఇళ్లలోకి టీవీ వచ్చింది. చిన్న తెర మీద బాగా కనిపించేది ఒక్క గుద్దుతో మనిషిని పడగొట్టే దృశ్యం. భుజం కొద్దిగా వంచి గుద్దు తప్పించుకుని, అదే ఊపులో పక్కటెముకల మీద కొట్టే పనితనం నలుపు తెలుపుల మసక బొమ్మలో ఎవరికి కనిపిస్తుంది? బరి పక్కన మొదటి వరుసలో కూర్చున్నవాడికి కనిపిస్తుంది. ఆ వరుసలే రోజురోజుకూ పలచబడుతున్నాయి.

1951 జూలై 18న పిట్స్‌బర్గ్ ఫోర్బ్స్ ఫీల్డ్‌లో వాల్‌కాట్‌తో మూడోసారి. అప్పటికి వాల్‌కాట్ నాలుగుసార్లు టైటిల్ కోసం పోరాడి నాలుగుసార్లూ ఓడినవాడు. వయసు ముప్పై ఏడు. ఏడో రౌండ్‌లో అతని ఎడమచేతి హుక్ (పక్క నుంచి వంపుగా వచ్చే గుద్దు) చార్లెస్ దవడకు తగిలింది. చార్లెస్ ముందుకు బోర్లా పడ్డాడు. అంతే. నలభై ఐదేళ్ల జార్జ్ ఫోర్‌మన్ 1994లో గెలిచేదాకా అత్యధిక వయసులో హెవీవెయిట్ టైటిల్ గెలిచిన రికార్డు వాల్‌కాట్‌దే. ఏడాది తర్వాత ఫిలడెల్ఫియాలో నాలుగో పోటీ. పదిహేను రౌండ్లూ సాగింది, తీర్పు వాల్‌కాట్‌కు వెళ్లింది. బరి పక్కన కూర్చున్న విలేకరుల్లో చాలామంది చార్లెస్ గెలిచాడనే రాసుకున్నారు. ఆ పోటీకి రిఫరీ జాక్ క్లేటన్, హెవీవెయిట్ టైటిల్ పోటీ నడిపిన మొదటి నల్లజాతి రిఫరీ. అతనూ వాల్‌కాట్ వైపే మొగ్గాడు. ఆ ఆగస్టులో ఆగ్డెన్ అనే ఊళ్లో రెక్స్ లేన్‌తో జరిగిన పోటీకి తీర్పు చెప్పే ఏకైక వ్యక్తి, మాజీ ఛాంపియన్ జాక్ డెంప్సీ. తీర్పు లేన్‌కు. దానిమీద కూడా రభస జరిగింది.

1953లో నినో వాల్డెస్, హెరాల్డ్ జాన్సన్ చేతుల్లో ఓడాక అతని పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. అందరి అంచనాలూ తప్పేలా 1954 సాగింది. జూన్ 17న యాంకీ స్టేడియంలో మార్సియానో. అప్పటిదాకా ఎవరి చేతిలోనూ ఓడనివాడు, లూయిస్‌నూ వాల్‌కాట్‌నూ పడగొట్టినవాడు. ముప్పై రెండేళ్ల చార్లెస్ మొదటి నాలుగైదు రౌండ్లు అతన్ని ఆడించాడు, ఎడమ కంటి దగ్గర చర్మం చిట్లేలా కొట్టాడు. సగం దాటాక మార్సియానో బలం పైచేయి అయింది. చార్లెస్ ముఖం గుర్తుపట్టలేనంతగా వాచింది, ఒక్కసారి కూడా కిందపడలేదు. మార్సియానో జీవితంలో ఆడిన నలభై తొమ్మిది పోటీల్లో పదిహేను రౌండ్లూ నిలబడిన ప్రత్యర్థి చార్లెస్ ఒక్కడే.

మూడు నెలలకు మళ్లీ అక్కడే. ఆరో రౌండ్‌లో మార్సియానో ముక్కు కొస చీలిపోయింది. రక్తం ధార కట్టింది. అతని కార్నర్‌లో గాయాలు చూసే ఫ్రెడీ బ్రౌన్‌కు అది మామూలు పరీక్ష కాదు. పోటీ ఆపేస్తారేమో, గాయంతో టైటిల్ చేయి మారుతుందేమో అన్న ఉత్కంఠలో మార్సియానో తెగించి మీదపడ్డాడు, ఎనిమిదో రౌండ్‌లో చార్లెస్‌ను నాకౌట్ చేశాడు. మార్సియానో అజేయ రికార్డు ఒక ముక్కు చీలిక దూరంలో ఆగింది.

చార్లెస్ మొత్తం రికార్డులో తొంభైకి పైగా గెలుపులు, ఇరవై ఐదు ఓటములు ఉన్నాయి. మార్సియానో పక్కన పెడితే ఆ ఇరవై ఐదు కళ్లలో పొడుచుకుంటాయి. వాటిని విడగొట్టి చూడాలి. 1951 జూలైలో టైటిల్ పోగొట్టుకునే దాకా పదకొండేళ్లలో అతని ఓటములు ఐదే: ఓవర్లిన్, కిడ్ తునెరో, బివిన్స్, మార్షల్, రే. చివరి ముగ్గురి మీదా తర్వాత గెలిచాడు. మిగతా ఇరవై ఆ తర్వాతి ఎనిమిదేళ్లలో వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం 1955 నుంచి వచ్చినవే, మునుపటి చార్లెస్‌తో రెండు రౌండ్లు కూడా తూగనివాళ్ల చేతుల్లో. 1956లో లండన్‌లో డిక్ రిచర్డ్‌సన్‌ను పదేపదే పట్టుకుని వేలాడుతున్నందుకు రెండో రౌండ్‌లోనే రిఫరీ అతన్ని అనర్హుడిగా ప్రకటించాడు. కాళ్లు మాట వినడం మానేసిన బాక్సర్ చేసే పని అది. ఆఖరి పోటీ 1959లో ఓక్లహోమా సిటీలో.

ఆ కాళ్ల గురించి తర్వాత చాలా ఊహలు నడిచాయి. 1960ల రెండో సగంలో అతనికి ఏఎల్ఎస్ అనే వ్యాధి ఉందని వైద్యులు తేల్చారు. కండరాలను నడిపే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోయే జబ్బు. అమెరికాలో దాన్ని బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్ పేరుతో పిలుస్తారు. ఓటముల కాలంలోనే అది లోపల మొదలైందా అని చాలామంది అడిగారు. ఇందుకు రుజువు లేదు. వంద దాటిన పోటీలు, పద్దెనిమిదేళ్ల నుంచి తిన్న దెబ్బలు, ముప్పై ఐదేళ్ల వయసు, డబ్బు అవసరం, ఇవి చాలు ఏ బాక్సర్ కాళ్లనైనా ఆపడానికి. డబ్బు సంగతైతే దాచుకోనక్కర్లేదు, సంపాదించింది నిలవలేదు. కొంతకాలం కుస్తీ ప్రదర్శనల్లో కూడా పాల్గొన్నాడు. షికాగోలో యువకులతో పనిచేసే ఉద్యోగం చేశాడు. జబ్బు ముదిరాక చక్రాల కుర్చీ.

1968 నవంబరులో షికాగోలో అతని వైద్యం ఖర్చుల కోసం ఒక సభ పెట్టారు. మార్సియానో వచ్చాడు. తనతో అందరికంటే బాగా పోరాడినవాడు ఇతనేనని, ఎంత కొట్టినా పడగొట్టలేకపోయానని చెప్పాడు. చార్లెస్‌ను లేపి మైకు ముందు నిలబెట్టాల్సి వచ్చింది. అతను రెండు మాటలు కృతజ్ఞతగా చెప్పి ఆగాడు. తొమ్మిది నెలల తర్వాత మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. చక్రాల కుర్చీలోని చార్లెస్ ఇంకా దాదాపు ఆరేళ్లు బతికాడు. 1975 మే 28న షికాగోలో మాజీ సైనికుల ఆసుపత్రిలో కన్నుమూశాడు. వయసు యాభై మూడు.

అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ 1990లో మొదటి జట్టును ఎంపిక చేసినప్పుడు అందులో చార్లెస్ పేరుంది. రెండేళ్లకు చార్లీ బర్లీ పేరు కూడా చేరింది, టైటిల్ పోటీ కూడా దక్కని బర్లీ. బాక్సింగ్ చరిత్రకారుల్లో చాలామంది ఇప్పుడు అత్యుత్తమ లైట్ హెవీవెయిట్ ఎవరన్న ప్రశ్నకు చార్లెస్ పేరే చెబుతున్నారు. అంటే ఆ బరువులో ఒక్క రోజు కూడా ఛాంపియన్ కాని మనిషిని ఆ బరువు ఛాంపియన్లందరి పైన కూర్చోబెడుతున్నారు.

సిన్సినాటిలో పాత రైల్వే స్టేషన్ యూనియన్ టెర్మినల్ ముందుకు వెళ్లే పెద్ద రోడ్డు పేరు ఒకప్పుడు లింకన్ పార్క్ డ్రైవ్. అతను పోయిన మరుసటి ఏడాది దాన్ని ఎజర్డ్ చార్లెస్ డ్రైవ్‌గా మార్చారు. అదే పేటలోని లారెల్ పార్కులో 2022లో అతని కంచు విగ్రహం నిలబెట్టారు.